వీడియోలో పదికి పది, వార్డులో చేతుల వణుకు

ప్రశ్న: మేడమ్, నేను రాయలసీమలో ఒక ప్రైవేటు కాలేజీలో బీఎస్సీ నర్సింగ్ రెండో సెమిస్టర్ చదువుతున్నాను. ఇంటర్ దాకా తెలుగు మీడియమే. మా కాలేజీలో ఇప్పుడు ప్రొసీజర్లన్నీ ఇంటరాక్టివ్ వీడియోల్లో నేర్పుతున్నారు. వీడియో మధ్యమధ్యలో ఆగి ప్రశ్న అడుగుతుంది, జవాబు నొక్కితేనే ముందుకు కదులుతుంది. బీపీ, ఇంజెక్షన్, డ్రెస్సింగ్... అన్నిట్లో నాకు పదికి పది వచ్చాయి. తీరా వార్డు పోస్టింగులో ఒక పెద్దావిడకు బీపీ చూడమంటే నాకు ఒక్క శబ్దమూ వినపడలేదు. చేతికి చుట్టే కఫ్ విప్పి మళ్లీ కట్టాను, అయినా అంతే. పక్కనున్న సిస్టర్ ‘వీడియోలు చూసొచ్చిన బ్యాచ్ కదా’ అంది. అందరి ముందు తల ఎత్తుకోలేకపోయాను. మేడమ్‌లు క్లాసు తప్పించుకోవడానికే ఈ వీడియోలు పెట్టారని మా ఫ్రెండ్స్ అంటున్నారు. అందులో ఇంగ్లీషు నాకు సగం అర్థం కాదు. ఇంటికెళ్తే నాన్న ‘ఎప్పుడు చూసినా ఫోనేనా’ అంటారు. అసలు ఈ వృత్తికి నేను పనికొస్తానా?
– పేరు రాయొద్దు

సమాధానం:

ముందు బీపీ సంగతి తేల్చుకుందాం తల్లీ. పనికొస్తావా లేదా అన్నది ఆ తర్వాత మాట్లాడుకోవచ్చు.

నీకు శబ్దం వినపడలేదంటే ముందుగా నాకు అనుమానం వచ్చేది స్టెతస్కోప్ మీదే. చెవుల్లో పెట్టుకునే కొసలు నిటారుగా ఉండవు, కాస్త వంగి ఉంటాయి. ఆ వంపు నీ ముక్కు వైపు తిరిగి ఉండాలి. అటుది ఇటు పెట్టుకుంటే రంధ్రం చెవి గోడకు ఆనుకుంటుంది, శబ్దం లోపలికి రాదు. ఫస్టియర్ పిల్లల్లో ఈ పొరపాటు ఎంత మామూలో చెప్పలేను. నువ్వు చూసిన వీడియోలో ఈ ముక్క ఉండి ఉండదు, ఉన్నా కంటికి ఆనేంత సేపు ఉండదు.

రెండో అనుమానం, ధమనిని వేలితో వెతకకుండానే స్టెత్ పెట్టేశావేమో. మోచేతి మడతలో లోపలి వైపు, అంటే రోగి శరీరం వైపు, రెండు వేళ్లతో నొక్కి చూస్తే బ్రేకియల్ ధమని కొట్టుకోవడం తెలుస్తుంది. అది దొరికాక దాని మీదే డయాఫ్రమ్, అంటే స్టెత్ చివరనుండే గుండ్రటి బిళ్ల, ఆనించాలి. చాలామంది మడత మధ్యలో అందాజుగా పెట్టేస్తారు, లేకపోతే పట్టుకునే పని తప్పుతుందని కఫ్ కిందికి దోపేస్తారు. కఫ్ కింది అంచు మోచేతి మడతకు రెండు మూడు సెంటీమీటర్ల పైన ఉండాలన్న సంగతి నీకు క్విజ్‌లో వచ్చే ఉంటుంది, కరెక్టుగానే నొక్కి ఉంటావు. ఆ రెండు మూడు సెంటీమీటర్లు ఎందుకంటే స్టెత్‌కు చోటు ఉండాలి, ట్యూబు దానికి రాసుకోకూడదు. రాసుకుంటే గరగరమని ఆ శబ్దమే వినపడుతుంది, అసలుది అందులో కలిసిపోతుంది.

మూడోది, పెద్దావిడ అన్నావు. సన్నటి చెయ్యి, బిగుతు జాకెట్టు. జాకెట్టు చేతిని పైకి లాగి ముద్దలా చుట్టేస్తే దాని కింద చెయ్యి నొక్కుకుపోతుంది. పైన ఫ్యాను చప్పుడు, పక్క మంచం దగ్గర చుట్టాల మాటలు. వీడియోలో ఇవేవీ ఉండవు. అక్కడ పేషెంటు చెయ్యి చాపుకుని, పొట్టి చేతుల చొక్కా వేసుకుని, నువ్వు జవాబు నొక్కేదాకా ఓపిగ్గా కూర్చుని ఉంటాడు.

ఈసారి ఇలా చెయ్యి. ముందు ‘అవ్వా, బీపీ చూస్తాను, చెయ్యి కాస్త బిగుసుకుంటుంది, అంతే’ అని చెప్పు. చెయ్యి గుండె ఎత్తున ఉండేలా కింద దిండో, మడిచిన దుప్పటో పెట్టు. మణికట్టు దగ్గర నాడి పట్టుకుని కఫ్‌లో గాలి కొట్టు. నాడి ఎక్కడ మాయమైందో ఆ అంకె గుర్తుపెట్టుకుని గాలి మొత్తం వదిలెయ్యి. ఒక నిమిషం ఆగి, ఆ అంకెకు 30 పైదాకా మళ్లీ కొట్టి, సెకనుకు రెండు మూడు మిల్లీమీటర్ల చొప్పున మెల్లగా దించు. మొదటి టక్కు సిస్టోలిక్, అంటే పై అంకె; శబ్దం ఆగిపోయిన చోటు డయాస్టోలిక్, అంటే కింది అంకె. నాడి పట్టే ఈ మొదటి మెట్టును తొందరలో అందరూ దాటేస్తారు. కొందరు పేషెంట్లకు, ముఖ్యంగా బీపీ ఎక్కువున్న పెద్దవాళ్లకు, మధ్యలో కొంతసేపు శబ్దం పోయి మళ్లీ వస్తుంది. ఆ ఖాళీలో మొదలుపెట్టావంటే 180 ఉన్న మనిషికి 140 అని రాసేస్తావు. గాలి కొట్టడం, దించడం మొత్తం సరిగ్గా చేసి మరీ తప్పు అంకె రాసినట్టవుతుంది.

ఇన్ని చెప్పాను కదా, ఇందులో క్విజ్ అడిగినవెన్ని? అడిగినవాటికి నీ దగ్గర జవాబు ఉంది. స్టెత్ కొసల వంపు, జాకెట్టు ముడత, ట్యూబు గరగర... ఇవి ప్రశ్నలుగా రావు.

జార్జ్ మిల్లర్ అనే అమెరికన్ వైద్య విద్యావేత్త 1990లో ఈ నేర్చుకోవడాన్ని నాలుగు మెట్లుగా చెప్పాడు. తెలియడం, ఎలా చెయ్యాలో తెలియడం, చేసి చూపించగలగడం, నిజంగా పనిలో చెయ్యడం. నీ ఇంటరాక్టివ్ వీడియో, అందులో నీకొచ్చిన పదికి పది, రెండో మెట్టు మీద ఉన్నాయి. స్కిల్ ల్యాబ్‌లో బొమ్మ మీద మేడమ్ ఎదుట చేసే రిటర్న్ డెమో మూడోది. వార్డు నాలుగోది. నువ్వు రెండో మెట్టు మీంచి నాలుగో దాని మీదికి దూకావు, మధ్యలో ఒకటి ఖాళీ. అందుకే నీ ఉత్తరంలో నాకు ఎక్కువ కుతూహలంగా అనిపించింది నువ్వు రాయని సంగతి: ల్యాబ్‌లో నీ చేత ఎన్నిసార్లు చేయించారు?

వీడియోలు ఎక్కువసార్లు చూస్తే ధైర్యం పెరుగుతుంది కానీ చేతి పని పెరగదని తేల్చిన ప్రయోగం ఒకటుంది. 2018లో మైకేల్ కార్డాస్, ఎడ్ ఓబ్రయన్ అనే ఇద్దరు చేశారు. బల్ల మీది సామాను కదలకుండా కింది గుడ్డను చటుక్కున లాగేసే విద్య, బాణాలు బోర్డుకు విసరడం, అలాంటివి వీడియోల్లో కొందరికి ఒకసారి, కొందరికి 20 సార్లు చూపించారు. 20 సార్లు చూసినవాళ్లు మేమూ చేసేస్తాం అనుకున్నారు. తీరా విసిరితే ఒకసారి చూసినవాళ్ల కంటే మెరుగేమీ కాదు. అందులోనే ఇంకో ముచ్చట ఉంది. గాల్లోకి ఎగరేసి పట్టుకునే గారడీ కర్రల వీడియో చూపించాక, వాటిని ఊరికే చేతిలో పట్టుకోమన్నారు. ఎగరెయ్యక్కర్లేదు, బరువు తెలిస్తే చాలు. అంతే, ఆ అతి ధైర్యం దిగిపోయింది.

దీన్ని నీ వీడియోకు వాడుకోవచ్చు. ఫోను మంచం మీద పడుకుని చూడకు. ఎదురుగా ట్రే సర్దుకుని చూడు. బీపీ అయితే ఆపరేటస్, స్టెత్, పక్కన రూమ్మేట్ చెయ్యి. డ్రెస్సింగ్ అయితే ఒక జత గ్లవ్స్, ఫోర్సెప్స్, కొంచెం గాజ్. ఒకసారి వాడేసిన ప్రాక్టీసు గ్లవ్స్‌ను మళ్లీ మడిచి పెట్టుకుంటే స్టెరైల్ పద్ధతిలో తొడుక్కోవడం హాస్టల్లోనే పది రోజులు సాధన చెయ్యొచ్చు. సూదితో మాత్రం హాస్టల్లో ఆటలొద్దు, అది ల్యాబ్‌లో మేడమ్ ఉండగానే.

వీడియో ఆగి ప్రశ్న వేసినప్పుడు నాలుగు ఆప్షన్లను అరచేత్తో కప్పెయ్యి. జవాబు ముందు నోటితో చెప్పు, ఆ తర్వాత చెయ్యి తియ్యి. ఆప్షన్లు చూస్తే సరైనది గుర్తుపడతావు, అది వేరే విద్య. వార్డులో ఏ పేషెంటు చేతి మీదా ఎ, బి, సి, డి రాసి ఉండవు. రెండోసారి చూసేటప్పుడు శబ్దం కట్టేసి, ఏం జరుగుతోందో, ఎందుకు జరుగుతోందో నువ్వే తెలుగులో చెప్పు. ఎక్కడ నోరు ఆగిపోతుందో అక్కడ నీకు రాదన్నమాట, అక్కడే మళ్లీ చూడు.

వీడియో చూసిన వెంటనే వచ్చే మార్కులను లెక్కలోకి తీసుకోకు. 2006లో రోడిగర్, కార్పికే అనే ఇద్దరు ఇలాంటిదే పరీక్షించారు. పాఠాన్ని మళ్లీ చదివినవాళ్లు, పుస్తకం మూసి గుర్తుచేసుకుని రాసినవాళ్లు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ చదివినవాళ్లే బాగా రాశారు. వారం తర్వాత పెడితే గుర్తుచేసుకున్నవాళ్లు ముందుకొచ్చారు. నీ పదికి పది ఆ ఐదు నిమిషాల మార్కు. వారం పోయాక, వీడియో ముట్టకుండా, నీ ఫ్రెండు చెక్‌లిస్టు పట్టుకుని టిక్కులు పెడుతుంటే చేసి చూడు. అప్పుడు వచ్చేదే నీ అసలు మార్కు. నీ రిటర్న్ డెమోను ల్యాబ్‌లో ఫోనులో తీసి పాఠం వీడియో పక్కన పెట్టి చూసుకున్నా మంచిదే, మన చేతులు ఎక్కడెక్కడ తిరుగుతాయో మనకు తెలియదు. వార్డులో మాత్రం ఫోను జేబులోంచి బయటికి రాకూడదు. నేర్చుకోవడానికే అయినా సరే, పేషెంటును తియ్యడానికి నీకు హక్కు లేదు.

ఇదంతా చెప్పి వీడియోలను తిట్టేశాననుకోకు. నేను వాటి పక్షమే. మా రోజుల్లో డెమో అంటే ఒక మంచం, ఒక బొమ్మ, చుట్టూ బ్యాచ్ మొత్తం. ముందు వరసలో నిలబడ్డవాళ్లకు బొమ్మ కనపడేది, వెనకున్నవాళ్లకు ముందున్నవాళ్ల జడలు కనపడేవి. పైగా ట్యూటర్ మనకు ఎదురుగా నిలబడి చేస్తుంది కాబట్టి ఆమె కుడి మనకు ఎడమ. అద్దంలో చూసి ముగ్గు వేసినట్టు, ఇంటికెళ్లి చేసేటప్పుడు అంతా తిరగేసుకోవాలి. మంచి వీడియో చేసేవాడి భుజం మీంచి తీసి ఉంటుంది. మందుండే చిన్న గాజు బుడ్డి, అదే ఆంప్యూల్, మెడ విరిచేటప్పుడు వేళ్లు ఎక్కడున్నాయో, సూది చర్మంలోకి ఏ కోణంలో వెళ్లిందో నీ చేతులే చేస్తున్నట్టు చూడొచ్చు, పదిసార్లు వెనక్కి తిప్పొచ్చు. ఇంట్రాడెర్మల్, అంటే చర్మం పొరలోకే ఇచ్చే ఇంజెక్షన్, 10 నుంచి 15 డిగ్రీలు అంటే బోర్డు మీద గీసి చెప్పలేం. చర్మానికి దాదాపు ఆనుకుని సూది పోవడం, చిన్న బుడగ లేవడం కంటితో చూస్తేనే తెలుస్తుంది. గుండె చప్పుళ్లు, ఊపిరితిత్తుల శబ్దాలు కూడా అంతే. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఈల లాంటి వీజ్ ఎలా ఉంటుందో, చిటపటలాడే క్రాకిల్స్ ఎలా ఉంటాయో పదే పదే వినొచ్చు. వార్డులో ఆయాసపడుతున్న మనిషిని ఇరవై మంది వరసగా వినడం న్యాయం కాదు కదా.

‘పేషెంటు ఇలా అంటే నువ్వేం చేస్తావు’ అని దారులు చీలే వీడియోలు కొన్ని ఉంటాయి, అవి దొరికితే వదలకు. అందులో తప్పు దారి కూడా కావాలనే ఒకసారి నొక్కి చూడు. తప్పు చేస్తే ఏమవుతుందో ఎవరికీ హాని లేకుండా తెలుసుకునే చోటు అదొక్కటే. కానీ క్లాసు మొత్తం మ్యూట్‌లో ఉండి, ‘అర్థమైందా’ అంటే చాట్‌లో ‘యెస్ మేడమ్’ అని వరసగా కొట్టే ఆన్‌లైన్ క్లాసును కూడా ఇంటరాక్టివ్ అనడం మాత్రం నాకు మింగుడుపడదు.

నువ్వు అడగలేదు గానీ, నీకు వెంటనే ఎదురయ్యే చిక్కు ఇంకొకటుంది. వీడియోలో చూపించింది ఒకటి, వార్డులో చేసేది ఒకటి. చాలా వీడియోలు బయటి దేశాలవి. పిరుదు ఇంజెక్షన్‌కు వాళ్లు తుంటి పక్కనుండే వెంట్రోగ్లూటియల్ చోటు చూపిస్తారు. మన వార్డుల్లో ఎక్కువగా పిరుదు పై బయటి భాగంలో, డోర్సోగ్లూటియల్‌లో ఇస్తారు. కాలికి వెళ్లే పెద్ద నరం, సయాటిక్ నరానికి దూరం కాబట్టి మొదటిది మేలు, నిజమే. కానీ నువ్వు స్టూడెంటువి, సిస్టర్ పర్యవేక్షణలో ఇస్తున్నావు, రెండో చోట ఇచ్చేటప్పుడు ఆ పై బయటి భాగాన్ని జాగ్రత్తగా కొలిచి గుర్తించడం నేర్చుకో. సూది గుచ్చాక వెనక్కి లాగి రక్తం వస్తోందా అని చూడడం ఇంకొకటి. టీకాలకు అక్కర్లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది, కాబట్టి టీకా వీడియోలో అది కనపడదు. మిగతా కండరాల ఇంజెక్షన్లకు మన దగ్గర ప్రొసీజర్ షీటులో ఆ మెట్టు ఉంటుంది, పరీక్షలో వదిలేస్తే మార్కు పోతుంది. ఏది ఎందుకో తెలిస్తే రెండూ గుర్తుంటాయి.

అన్నిటికంటే పెద్ద తేడా చెత్త దగ్గర. బయటి వీడియోలో ఇంజెక్షన్ ఇచ్చి సిరంజి, సూది కలిపి ఒక డబ్బాలో పడేస్తారు. మన దగ్గర 2016 బయోమెడికల్ వేస్ట్ నియమాల ప్రకారం సూదిని హబ్ కట్టర్‌తో కత్తిరించాలి, ఆ సూది చిల్లుపడని తెల్ల డబ్బాలోకి, సూది లేని సిరంజి ఎర్ర సంచిలోకి వెళ్లాలి. ఈ ఒక్క విషయంలో వీడియోను మరిచిపో.

మరి వార్డులోనే ఎవరైనా తప్పు చేస్తుంటే? వాడిన సూదికి రెండు చేతులతో మూత పెట్టడం, పేరు అడక్కుండా మందు ఇవ్వడం, మంచానికీ మంచానికీ మధ్య చేతులు కడుక్కోకపోవడం. ట్రే ఏ వైపు పెట్టాలి, చార్టు ముందు రాయాలా వెనక రాయాలా, ఇలాంటివి ఆ వార్డు పద్ధతి, సిస్టర్ చెప్పినట్టే నడుచుకో. మొదట చెప్పిన ఆ మూడు తప్పులు మాత్రం ఎవరు చేసినా నువ్వు చెయ్యకు. వాదించక్కర్లేదు. నీ పని నువ్వు సరిగ్గా చేసుకుని, సాయంత్రం మీ ట్యూటర్‌కు చెప్పు.

ఇక ఆ సిస్టర్ మాట. ‘వీడియోలు చూసొచ్చిన బ్యాచ్’ అంటే నీకు ముల్లులా గుచ్చుకుంది. ఆమె మాట తీరు బాగోలేదు, పేషెంటు ముందు స్టూడెంటును అలా అనకూడదు. కానీ నలభై మంచాలను చూసుకుంటూ, ప్రతి పోస్టింగుకూ కొత్త పిల్లలను మోసే మనిషి ఆమె. ఆమె దగ్గర నీకు కావాల్సిన మూడో మెట్టు ఉంది. సాయంత్రం రద్దీ తగ్గాక వెళ్లి ‘సిస్టర్, మీరు ఒకరికి బీపీ చూడండి, వెంటనే నేను చూస్తాను, అంకె సరిపోతుందో చెప్పండి’ అని అడుగు. నూటికి తొంభై మంది ఒప్పుకుంటారు. మీ ల్యాబ్‌లో రెండు జతల చెవి కొసలున్న టీచింగ్ స్టెత్ ఉంటే ఇంకా నయం, ఇద్దరూ ఒకే శబ్దం ఒకేసారి వింటారు. లేకపోతే కొనమని అడగండి, పెద్ద ఖరీదైన వస్తువేమీ కాదు.

మీ మేడమ్‌లు తప్పించుకుంటున్నారన్న మాట మీద నేను తీర్పు చెప్పను, కొలమానం మాత్రం ఇస్తాను. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ 2021లో తెచ్చిన సెమిస్టర్ సిలబస్‌లో నర్సింగ్ ఫౌండేషన్ మొదటి భాగానికి 120 గంటలు థియరీ, 80 గంటలు స్కిల్ ల్యాబ్, 160 గంటలు క్లినికల్ అని విడివిడిగా ఉన్నాయి. ల్యాబ్ గంటలు వేరే ఖాతా. వీడియో ఇంట్లో చూసి రమ్మని, ఆ మిగిలిన క్లాసు సమయంలో బొమ్మ దగ్గర మీ చేతులతో చేయిస్తుంటే వాళ్లు మంచి పనే చేస్తున్నారు, మీ ఫ్రెండ్స్‌కు ఆ మాట చెప్పు. వీడియో చూపించి ల్యాబ్ గంటలు అయిపోయినట్టు రాసుకుంటుంటే మాత్రం అది మోసమే. అప్పుడు క్లాస్ రిప్రజెంటేటివ్‌తో కలిసి నలుగురైదుగురు ప్రిన్సిపల్ దగ్గరికి వెళ్లండి. ఫిర్యాదులా కాకుండా, ‘సాయంత్రం ఐదు నుంచి ఆరు దాకా ల్యాబ్ తెరిచి ఉంచండి, ఒక ట్యూటర్‌ను ఉంచండి’ అని ఒకే ఒక్క కోరిక రాసి ఇవ్వండి. లాగ్‌బుక్‌లో చెయ్యని ప్రొసీజర్‌కు సంతకం మాత్రం అడక్కండి, ఇచ్చినా తీసుకోకండి.

వృత్తికి పనికొస్తావా అన్నావు. శబ్దం వినపడనప్పుడు ‘120/80’ అని ఊహించి రాసెయ్యకుండా మళ్లీ కఫ్ కట్టావు చూడు, నాకు అది చాలు. ఊహించి రాసే పిల్లల చేతులు వణకవు, వాళ్ల గురించే నాకు భయం.

ఇంగ్లీషు గురించి పెద్దగా బెంగపడకు. సబ్‌టైటిల్స్ పెట్టు, వేగం 0.75కు తగ్గించు, రోజూ ఐదారు కొత్త మాటలు రాసుకో. ప్రొసీజర్లలో వాడే మాటలు అవే మళ్లీ మళ్లీ వస్తుంటాయి, ఒక సెమిస్టర్‌లో అలవాటైపోతాయి.

నాన్నగారి విషయానికొస్తే, ఆయన ఎదురుగా ట్రే పెట్టుకుని చూడు, తేడా ఆయనకే తెలుస్తుంది. సెలవులకు వెళ్లినప్పుడు కాలేజీ అనుమతితో ఆపరేటస్ తీసుకెళ్లి ఇంట్లోవాళ్లందరికీ బీపీ చూడు, అంతకంటే మంచి సాధన లేదు. కాకపోతే ఎవరికైనా ఎక్కువ వచ్చిందని అక్కడికక్కడే ‘నీకు బీపీ ఉంది’ అనేయకు. కాఫీ తాగి అరగంటైనా కాకుండా చూడకు, ఐదు నిమిషాలు వెనక్కి ఆనుకుని కూర్చోబెట్టి అప్పుడు చూడు. రెండు మూడు రోజులు వేర్వేరు వేళల్లో చూసినా 140/90కి తగ్గకపోతే, దగ్గర్లోని పీహెచ్‌సీలో డాక్టరు దగ్గరికి పంపించు.